అత్త ఊరికే కూర్చున్న చోటు

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. ఫోన్ చేసి చెప్పింది ఆమె కొడుకే, మా బావ. ఏడుస్తూనే చెప్పాడు. ఆ ఏడుపులోనే ఒక ముక్క అన్నాడు: "అమ్మ పొయిందే. పానం పొయ్యేదాక చేతులు ఖాళీగ పెట్టలే, మహాతల్లి."

నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఒళ్లు మండింది.

సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో వాళ్ల ఇంటికి చేరేసరికి గల్లీ నిండా జనం. ఆటో దిగిన దగ్గర నుంచి లోపలికి పోయేదాకా అందరి నోటా అదే మాట. "ఒక్కనాడన్న ఊరికె కూసున్నదా?" అని ఒకామె. "పండుగ లేదు పబ్బం లేదు, చాట ఒళ్లె ఉండాల్సిందే" అని ఇంకొకామె. అత్త బీడీలు చేసి ఇచ్చిన కార్ఖానా నుంచి ఒక మనిషి పెద్ద పూలదండ పట్టుకుని వచ్చాడు. దండ వేసి, చేతులు కట్టుకుని నిలబడి, మరాఠీలో ఆయనా అదే పాట పాడాడు. సేఠ్ చెప్పమన్నాడట, ఇలాంటి కష్టజీవులు ఇక పుట్టరట. పుట్టకుంటేనే మంచిది అన్నాను నేను. ఆయనకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాడు.

నేను బడిలో తెలుగు చెప్పుకునే మనిషిని. పిల్లల మీద తప్ప ఎవరి మీదా గొంతు లేపను. కానీ ఆ రోజు నుంచి నా కోపం దిగడం లేదు. పోయినవాళ్లను పొగడడం మంచి మర్యాదే. అయితే ఏ సంగతి ఆమెను నమిలి మింగిందో దాన్నే దండలా మెడలో వేసి పొగిడితే నేను ఊరుకోను. అదీకాక అది అబద్ధం. మా అత్త చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నది. నేను నా కళ్లతో చూశాను. సముద్రం ఒడ్డున, ఒక అగ్గువ హోటల్ వసారాలో, గాలికి కూర్చున్నది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమెను మీరు చూడలేదు కాబట్టి ముందు ఆమె ఎట్లా ఉండేదో చెప్పాలి. మా తాతల కాలంలో అందరిలాగే మావాళ్లూ తెలంగాణ నుంచి మగ్గాన్ని నమ్ముకుని సోలాపూర్ వచ్చారు. మగవాళ్లు చద్దర్లు, తువ్వాళ్లు నేశారు. ఆడవాళ్లు ఇంట్లో బీడీలు చుట్టారు. మామ పనిచేసిన మిల్లు మూతబడ్డాక ఆయన ఎక్కువ కాలం ఉండలేదు. అప్పటి నుంచి ఇల్లు నడిచింది అత్త చాట మీదే. చాటలో ఒక పక్క తంబాకు, ఒక పక్క కత్తిరించిన తునికాకు. ఆకు మీద చిటికెడు తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. కళ్లు మూసి తెరిచేలోపల ఒక బీడీ అయిపోయేది.

చిన్నపిల్లలకు మేనత్త ఒడి అంటే హక్కు కదా. మాకు ఆ ఒడి దొరకలేదు. అందులో చాట ఉండేది. మాకు దొరికింది వీపు. ఆమె వీపుకు ఆనుకుని కూర్చుని కథలు విన్నాం, ఒకటో ఎక్కం నుంచి అన్నీ అప్పజెప్పాం, నిద్రపోయాం. తల ఎత్తేది కాదు కాబట్టి మనుషులను కాళ్లను బట్టి గుర్తుపట్టేది. గడపలో అడుగు పడగానే "చెప్పు తెగింది గదనే, కుట్టించుకో" అనేది. ఎవరు వచ్చారని తల ఎత్తి చూడాల్సిన పని లేదు. నిజం చెప్పాలంటే నాకు అత్త మొహం కంటే పాపటే ఎక్కువ తెలుసు. దాన్ని మేమంతా ముద్దుగానే చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ముద్దు రావడం లేదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. బీడీల ఇళ్లలో దగ్గును ఎవరు పట్టించుకుంటారు? అది మిక్సీ చప్పుడులా ఇంట్లో ఒక చప్పుడు. ఒక ఎండాకాలం అది మరీ ముదిరి దవాఖానకు తీసుకుపోతే డాక్టరు తంబాకుకు దూరంగా కొన్ని రోజులు గాలి మార్పు కావాలన్నాడు. "గాలి గిట్ల మారుస్తె మారుతదా సార్, ఫ్యాన్ పెట్టుకుంట" అన్నది అత్త. నాకు బడి సెలవులు. మా బడిలో పనిచేసే ఒక మరాఠీ టీచరు కొంకణ తీరంలో ఒక హోటల్ గురించి చెప్పింది. మనలాంటివాళ్లకు అందుబాటులో ఉంటుందని, వానలు పడే ముందు జనం తగ్గితే ఇంకా అగ్గువకు ఇస్తారని చెప్పి నంబరిచ్చింది. దాన్ని నడిపేది ఒక ముసలామె. అందరూ ఆమెను కాకూ అంటారు, అంటే పిన్నమ్మ.

ఫోన్ చేస్తే కాకూ రేటు చెప్పలేదు, నన్నే ప్రశ్నలు వేసింది. పాటలు గట్టిగా పెడతారా? పొద్దున లేవగానే కొట్లాడుకుంటారా? చేపకు మొహం తిప్పుతారా? అన్నిటికీ లేదని చెప్పాక, సరే రండి అన్నది. పిల్లను ఇచ్చేవాళ్లు కూడా అన్ని అడగరు.

సర్కారు ఎస్టీ బస్సులో ఘాట్ దిగుతుంటే అత్త కిటికీ కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుంది. మలుపులు అయిపోయి, కొబ్బరి చెట్ల సందులోంచి సముద్రం కనబడ్డప్పుడు నేనే భుజం తట్టాను. చూసింది. కడ్డీ వదిలేసింది. తర్వాత, "ఎంత పన్నా ఉన్నదే!" అన్నది. బట్ట వెడల్పు చూసి అనే మాట అది. నేతగాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి మరి.

హోటల్ చూసి నేను కొంచెం భయపడ్డాను. గేటు మీద 'రిసార్ట్' అని మరాఠీలో పెయింటుతో రాసి ఉంది. చివరి అక్షరానికి చోటు చాలక కింద రాశారు. అది చనిపోయిన తన భర్త చేతిరాతట, అందుకని కాకూ మార్చనివ్వదు. పెంకుల కప్పు కింద వరసగా గదులు, ముందు పొడుగాటి వసారా, వసారా ముందు పోకచెట్లు, అవి దాటితే ఇసుక. ఏ గదికీ ఇంకో గదితో పోలిక లేదు. మా గది తలుపు ఒకప్పుడు పడవకు చెక్క. దాని మీద సగం చెరిగిన పడవ పేరు ఇంకా ఉంది. కిటికీ మూయాలంటే కొబ్బరి చిప్ప అడ్డం పెట్టాలి. స్నానానికి నీళ్లు బావిలోంచి తోడి రాగి బంబులో కాచి ఇస్తారు. గోడ గడియారం ఆగిపోయి ఉంది. బాగు చేయించలేదేమని అడిగితే, ఇక్కడ దానితో ఎవరికి పని అన్నది కాకూ. వంటింటి బయట నల్లబల్ల మీద రోజూ ఒకటే రాత: ఇవాళ సముద్రం ఏమిస్తే అది. దాని పక్కన ఇంకో బోర్డు: ఇక్కడ హడావుడి చేయరాదు.

గదిలోకి పోగానే అత్త మంచం మీద దుప్పటి తడిమి చూసి కేకేసింది. "మన చద్దర్‌యే పోరీ! మన సోలాపూర్‌దే!" అంచు తిప్పి చూసింది, నేత చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అక్కడే ఆమె తప్పు మొదలైంది. మన ఇంటి చద్దర్ పరిచి ఉన్నదంటే అది మన వాళ్ల ఇల్లే అని ఆమె లెక్క. మన వాళ్ల ఇంటికి పోతే కాళ్లు చాపుకుని కూర్చుంటామా? మరునాడు నేను లేచేసరికి అత్త వసారా అంతా ఊడ్చి, మా గది ముందు ముగ్గు వేసి, వంటింట్లో కాకూ కొబ్బరి కోరుతుంటే కత్తిపీట తనవైపు లాక్కుంటున్నది.

కాకూకు కోపం నషాళానికి అంటింది. కత్తిపీట ఇటు లాగింది. అత్త అటు లాగింది. ఇద్దరూ ముసలివాళ్లే, ఇద్దరూ మొండివాళ్లే. "ఇథే కామ్ కరాయలా ఆలీస్ కా?" ఇక్కడికి పని చేయడానికి వచ్చావా అని కాకూ అరిచింది. "ఊరికె కూసోని తింటె అరుగుతదా?" అని అత్త తెలుగులో అరిచి, తర్వాత అదే మరాఠీలోకి మార్చి అరిచింది. పోకచెట్ల కింద చాయ్ తాగుతున్న ఇంకో గది జంట కప్పులు పట్టుకుని ఇటే చూస్తున్నారు. చివరికి కాకూ చీపురు తీసుకుపోయి తన గదిలో పెట్టి తాళం వేసింది. వసారాలో వాలుకుర్చీ చూపించి ఒకటే మాట అన్నది: "గప్ బస్!" నోరు మూసుకుని కూర్చో అని.

అత్త కూర్చుంది. వెంటనే లేచింది. నేను సముద్రం దాకా నడిచి వచ్చేసరికి ఆమె ఒడిలో చాట ఉంది.

అవును, చాట తెచ్చుకుంది. బట్టల సంచిలో అడుగున, చీరల కింద, తునికాకు, తంబాకు, దారం, కత్తెర. కడక్ భాకరి అనే ఎండు జొన్నరొట్టెలు, శేంగా చట్నీ అనే పల్లీల పొడి ఉన్నాయని నన్ను ముట్టనివ్వని సంచి అదే. డాక్టరు దేనికి దూరంగా ఉండమన్నాడో దాన్నే మోసుకుని ఘాట్ దిగింది. నాకు కోపం ఆగలేదు.

"ఇది ఎందుకు తెచ్చినవ్ అత్తా?"

"ఖాడా పడితె కార్డు మీదికి వస్తది బిడ్డా." పనికి రాని రోజును ఖాడా అంటారు, కార్డంటే బీడీలు చేసేవాళ్లకు కార్ఖానా ఇచ్చే పని కార్డు. "కార్డు పోతె మళ్ల ఎవలిస్తరు? పించనీ పోతది, అంతా పోతది. నేను కూసున్న కాడ చేసుకుంట, నీకేం అడ్డమొచ్చింది?"

అడ్డమొచ్చింది నాకు కాదు, గాలికి. సోలాపూర్ ఎండకు ఆకు ఎండి పెళుసెక్కుతుంది కాబట్టి మావాళ్లు నానబెట్టి, తడిగుడ్డ చుట్టి పెడతారు. ఆ అలవాటుకొద్దీ అత్త ఇక్కడా నానబెట్టింది, ఇక్కడా తడిగుడ్డ చుట్టింది. వానలకు ముందు సముద్రపు గాలిలో ఉప్పు డబ్బాయే నీళ్లు కారుతుంది. చుట్టిన బీడీలు ఎంత ఆరబెట్టినా ఆరలేదు. వేళ్లతో నొక్కితే మెత్తగా అణిగాయి. అత్త వాటిని అటు తిప్పి ఇటు తిప్పి, "గీ గాలికి ఏమొచ్చిందే?" అని సముద్రాన్ని తిట్టింది. మళ్లీ చుట్టింది. అవీ ఆరలేదు.

కాకూ వచ్చి నిలబడి చూసింది. తంబాకు వాసనకు ముక్కు చిట్లించింది. ఈసారి అరవలేదు. వంగి, చాటలో ఉన్నదంతా ఒక పేపరు మీద జాగ్రత్తగా గుమ్మరించి, మడిచి అత్త చేతికి ఇచ్చి, చాట తీసుకుపోయింది. "చాట మంచిగుంది, నాకు ఇలాంటిదే కావాలి" అన్నది. మేం చూస్తుండగానే దాని నిండా కోకం అనే పుల్లటి పండ్ల తొక్కలు పరిచి ఎండలో పెట్టింది. వానలు వచ్చేలోపల ఎండాలట. ఆమె తొందర ఆమెది.

అత్త ముఖం చూడాలి. పసిబిడ్డను ఎవరో ఎత్తుకుపోయినట్టు చూసింది. ఆ తర్వాత ఏమనుకుందో, ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. "చూసినవా, నా చాట గుంజుకోని పులుపు పెట్టింది ముండ!" నవ్వి నవ్వి దగ్గొచ్చి, దగ్గుతూ మళ్లీ నవ్వింది.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచే. చాట పోయాక అత్త వాలుకుర్చీలో కూర్చుంది. చేతులు ఒడిలో పెట్టుకుంది. వేళ్లు ఆగలేదు. ఒట్టి గాలినే బొటనవేలికి చూపుడువేలికి మధ్య చుడుతున్నాయి, దారం కడుతున్నాయి, మూతి మడుస్తున్నాయి. ఆమె వాటిని చూసి సిగ్గుపడి కొంగు కింద దాచుకుంది. కొంగు కింద కూడా అవి కదులుతూనే ఉన్నాయి. "నా మాట ఇంటలేవు పోరీ" అన్నది నాతో. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఎవర్నైనా పట్టుకుని కొట్టాలనిపిస్తుంది. ఎవర్ని కొట్టాలో తెలియదు.

సాయంత్రాలు ఆమెను నీళ్ల దగ్గరికి తీసుకుపోయేదాన్ని. మొదటిసారి అలలను చూసి జాలిపడింది. "దీనికి సుట్టీ ఉండదా? ఎవలు చెప్పిండ్రని గింత చేస్తున్నది?" అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు, నిజంగానే అడిగింది. కాకూ పని అయ్యాక వచ్చి పక్కన కూర్చునేది. ఇద్దరూ మగడు పోయినవాళ్లే. ఆ సంగతి మాట్లాడుకున్నట్టు నాకు గుర్తు లేదు. చేపల ధర గురించి, కోడళ్ల గురించి, జొన్న భాకరి మంచిదా బియ్యపు భాకరి మంచిదా అన్నదాని గురించి గంటల కొద్దీ వాదించుకున్నారు. మాట మధ్యలో అత్త చేయి కదిలితే కాకూ చూడకుండానే దాని మీద ఒక దెబ్బ వేసేది.

అలా ఏ పూటో తెలియదు, ఆగింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తి చూసేసరికి అత్త వాలుకుర్చీలో వెనక్కి వాలి సముద్రాన్ని చూస్తున్నది. వేళ్లు ఆగిపోయి ఉన్నాయి. నిద్ర కాదు, కళ్లు తెరిచే ఉన్నాయి. నేను పిలవలేదు. చాలాసేపటి తర్వాత తనే అన్నది: "ఊరికె కూసుంటె గిట్లుంటదా? నాకు ఎవలు చెప్పలే." ఆ రోజు ఆమె వంటింటికి పోలేదు. అన్నం తనముందుకు వస్తే తిన్నది. మళ్లీ వడ్డించమని అడిగి తిన్నది. నాకు తెలిసి తన బతుకులో మొదటిసారి.

ఊరికి వచ్చాక ఏం జరిగిందో వినండి. మెత్తబడ్డ బీడీల కట్టలు సంచిలో పెట్టుకుని అత్త కార్ఖానాకు పోయింది. వరసలో ఆడవాళ్లంతా చూస్తుండగా, బీడీలు పరీక్షించి తీసుకునే చెకర్ ఒక కట్ట విప్పి, నలిపి, మొత్తం పక్కకు విసిరేశాడు. పనికిరావన్నాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. "సముద్రానికి హవా తినబోయినవా ముసల్దానా? ఇంక ఏమేం తిన్నవ్?" అన్నాడు. వరసలో కొందరు నవ్వారు. వాళ్ల చేతులూ రోజంతా కదిలేవే, ఆ నవ్వు ఎందుకు వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అత్త ఇంటికి వచ్చి మళ్లీ ఆకు నానబెట్టింది. బావ ఆ సాయంత్రం నా మీద ఇంతెత్తు లేచాడు. "కార్డు పోతె నువ్వు ఇస్తవా? గాలి మార్పట, పెద్ద ఆఫీసర్లం గద మనం!" అన్నాడు. అంతే, ఆ దారి మూతపడింది.

అత్త మరచిపోలేదు. చిన్న చిన్న మాటల్లో ఆ హోటల్‌ను దాచుకుంది. ఎవరైనా తొందరపెడితే, "ఈడ హడావుడి చేయరాదు, బోర్డు చూడలేదా?" అనేది. ఏం కూర అంటే, "సముద్రం ఏమిస్తె గది" అని వంకాయ కూర పెట్టేది. ఏటా ఎండలు ముదరగానే, "పోదామా బిడ్డా?" అని నన్ను అడిగేది. నేను పోదామనేదాన్ని. ఆమె కొడుకువైపు చూసేది. బావ ఏటా ఒకటి చెప్పేవాడు. మగ్గం రిపేరు అయినంక. నీ మనుమరాలి పెండ్లి అయినంక. దీపావళి గిరాకీ అయినంక. ఏదో ఒకటి అవుతూనే ఉండేది, ఇంకొకటి వస్తూనే ఉండేది. నేనూ ఒకసారి ఎగిరిపడ్డాను. "నీ అయినంకలు అయ్యేదాక ఆమె ఉంటదా?" అన్నాను. గడప తొక్కొద్దన్నాడు. రెండో రోజు అత్తే ఫోన్ చేసి, "నా గురించి మీరు కొట్లాడకుండ్రి, నాకేం సముద్రం మీద మోజు లేదు" అన్నది. లేదట. నమ్మాలట.

చివరి రోజుల్లో దవాఖాన మంచం మీద ముక్కుకు గొట్టం పెట్టారు. తెలివి వస్తూ పోతూ ఉంది. వేళ్లు మళ్లీ మొదలుపెట్టాయి. దుప్పటి అంచును పట్టుకుని చుట్టడం, కట్టడం, మడవడం. చూడవచ్చినవాళ్లు దండం పెట్టారు! "చూడుండ్రి, ఇప్పుడు గూడ పనే. ఎంత గొప్ప తల్లి!" అన్నారు. నేను వాళ్లను బయటికి పొమ్మన్నాను. మర్యాదగా కూడా అనలేదు. తలుపు వేసి, ఆమె రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాను. కాకూలాగా "గప్ బస్" అన్నాను. కళ్లు తెరవలేదు కానీ పెదవి కొంచెం కదిలింది. నవ్విందని నేను అనుకుంటున్నాను. మీరు ఏమైనా అనుకోండి.

ఇదంతా లోపల పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఫ్లెక్స్ సంగతి వినగానే ఆగలేకపోయాను. మా ఊళ్లో మనిషి పోతే చౌక్‌లో శ్రద్ధాంజలి ఫ్లెక్స్ కట్టాల్సిందే. పుట్టినరోజు ఫ్లెక్స్‌ల మధ్య, కోచింగ్ క్లాసుల మధ్య, పోయినవాళ్లూ నిలబడాలి. అశోక్ చౌక్‌లో కట్టిస్తున్నామని, ఫోటో కూడా ఫ్లెక్స్ అచ్చువేసే ప్రెస్‌వాడికి పంపామని బావ చెప్పాడు. చూపించమన్నాను. ఎవరో పేపరాయన ఎప్పుడో గల్లీలోకి వచ్చి తీసినది. అందులో చాట ఉంది, కత్తెర ఉంది, నెరిసిన పాపట ఉంది. కింద పెద్ద అక్షరాలతో 'కష్టమూర్తి' అని రెండు భాషల్లోనూ రాయించాడు.

"ఇది వద్దు బావా" అన్నాను.

"ఎందుకే? మంచిగనే ఉన్నది గద."

"మొహం ఏది అందుల? చాటకు పెడుతున్నవా శ్రద్ధాంజలి?"

"అమ్మ గట్లనే ఉంటుండె."

"ఉండలే. ఉంచిండ్రు."

బావకు కోపం వచ్చింది. రావాలనే అన్నాను. "నేను ఉంచిన్నా?" అని లేచి నిలబడ్డాడు. "పొద్దందాక మగ్గాల నడుమ నిలబడి నేను ఏం సుఖపడ్డననే? నాకు చెవులు ఇనరావు, మోకాళ్లు వంగవు. మా అమ్మ కష్టపడి నన్ను పెంచింది. నలుగురు ఆ మాట అంటుంటె నా ఛాతీ పొంగుతది. నీకేం నొప్పి?"

"నీ ఛాతీ పొంగడానికి ఆమె ఇంకా చుట్టాలా? పోయినంక గూడ చుట్టాలా? చౌక్‌ల నిలబెట్టి, వచ్చేపోయేటోళ్ల ముందు?"

"మరి ఏం పెట్టాల్నో నువ్వే చెప్పు! ఇంకో ఫోటో ఉన్నదా ఈ ఇంట్ల?"

ఆ ఇంట్లో లేదు. నా ఫోన్‌లో ఉంది. హోటల్‌లో చివరి పొద్దు నేను తీసింది. ఇన్నేళ్లలో ఎవరికీ చూపలేదు, అత్తే వద్దన్నది. "నా కొడుకు చూస్తె నవ్వుతడు" అన్నది. ఇప్పుడు ఆమె లేదు, వద్దనేవాళ్లు లేరు. వెతికి తీసి బావ చేతిలో పెట్టాను. తిట్టాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, వరసలో పెట్టుకుని నిలబడ్డాను.

బావ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఫోటోలో ఒకామె తలస్నానం చేసి జుట్టు విరబోసుకుని వాలుకుర్చీలో కూర్చుని ఉంది. తల పైకెత్తి, పళ్లన్నీ కనబడేలా, ఫోటో తీసేవాళ్లనే చూస్తూ నవ్వుతున్నది.

"ఎవలీమె?" అన్నాడు బావ. "ఆ హోటల్ కాకూనా?"

 వరసలో పెట్టుకున్న తిట్లు ఒక్కటీ నోటికి రాలేదు. ఎగతాళికి అన్నాడేమోనని అతని మొహంలోకి చూశాను. ఎగతాళి కాదు. నిజంగానే అడిగి, జవాబు కోసం నావైపు చూస్తున్నాడు.

"సరిగ్గ చూడు" అన్నాను.

రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. మొహం అంతా తెర నిండింది. చూశాడు. వేలితో కిందికి జరిపాడు. మెడ వచ్చింది, భుజం వచ్చింది, మోచేయి వచ్చింది. మణికట్టు దగ్గర, మామ పేరు పొడిపించుకున్న పచ్చబొట్టు దగ్గర, అతని వేలు ఆగిపోయింది.

ఆ చేయి అతనికి తెలుసు.

బావ గోడ పక్కన కింద కూర్చున్నాడు. అతని ఫోన్ మోగింది, ప్రెస్‌వాడు. ఎత్తి, "ఆపు, ఫోటో మారుస్తున్న" అని పెట్టేశాడు. నా కోపం అప్పుడూ తగ్గలేదు, ఈ ముక్క రాస్తున్నప్పుడూ తగ్గలేదు. అయినా అతని పక్కన కూర్చున్నాను. అతను నావైపు చూడలేదు. ఫోటోను ఇంకొంచెం కిందికి, ఆమె ఒడి దాకా జరిపాడు. ఇంకా పెద్దది చేశాడు. రెండు అరచేతులూ వెల్లకిలా తెరుచుకుని ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు.